కుమ్మరి సారె మీద ఉల్టా తిరిగిన ఏడాది

ఉద్యోగం చేసినన్నాళ్ళూ కదిలే బొమ్మలు గీసి బతికాను. సర్కారు ఆరోగ్య ప్రచారం కోసం. సినిమా మొదలయ్యే ముందు తెర మీద ఒక దోమో ఈగో ఎగురుతుంది, ఒక తల్లి బిడ్డ చేతులు కడుగుతుంది, ఒక గొంతు నాలుగు మంచి మాటలు చెప్తుంది. ఆ కాసేపట్లో జనం చీకట్లో కుర్చీలు వెతుక్కుంటూ ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటారు. ఆ దోమ నాది. ఆ ఈగా నాదే.

ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. కంప్యూటరు మీద వాళ్ళు అరగంటలో ఎగరేసే దోమ, నేను నెల్లాళ్ళు కూర్చున్నా ఎగిరేది కాదు. అయినా వచ్చి అడుగుతారు: "సార్, ప్రకటన ఎక్కడ మొదలుపెట్టాలి?" నాకు తెలిస్తే గదా నాయనా చెప్పడానికి! ఇంత వయసొచ్చినా ఆ ఒక్క ప్రశ్న దగ్గర నా బుర్ర గిర్రున తిరుగుతుంది. ఎందుకు తిరుగుతుందో చెప్పాలంటే, సిద్దిపేటలో బడి పిల్లవాడిగా ఉన్నప్పుడు నేనూ ఖాదరూ కలిసి చేసిన మొట్టమొదటి ప్రకటన సంగతి చెప్పాలి. నాకొచ్చిన ప్రమోషన్లూ రాని ప్రమోషన్లూ ఇందులో ఉండవు. వాటితో ఎవరికీ పనిలేదు.

అవ్వ కాలు

అది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం, నైజాం రోజులు. మా వాడ మొత్తానికి ఒకటే దిగుడు బావి. మెట్లు దిగి, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి బిందె ముంచుకోవాలి. ఎండాకాలం వస్తే ఆ నీళ్ళు అడుగంటేవి. సరిగ్గా అదే కాలంలో వాడలో నారికురుపు లేచేది.

ఈ తరంవాళ్ళు ఆ పేరు విని ఉండరు, అదృష్టవంతులు. కాలి మీద బొబ్బ లేస్తుంది, పగులుతుంది, అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని ఒక్కసారిగా లాగకూడదు. తెగిందంటే కాలంతా చీము పడుతుంది. చీపురు పుల్లకు చుట్టి రోజుకింత, రోజుకింత బయటికి తీయాలి. ఆ నొప్పి ఎట్లాంటిదో నేను చెప్పలేను. పడ్డవాళ్ళు అరిచిన అరుపులు మాత్రం విన్నాను.

ఆ ఏడు మా అవ్వకు వచ్చింది, ఎడమ పాదంలో. మా దిక్కున అమ్మను అవ్వ అంటాం. నాయిన కిరాయికి బండి కట్టుకుని గజ్వేల్ దిక్కు పోయేవాడు కాబట్టి ఇంటా బయటా పనంతా అవ్వదే. ఒక్క నిమిషం ఊరికే కూర్చోని మనిషి గడపలో కాలు చాపుకుని, పుల్లను చూసుకుంటూ కూలబడింది. నీళ్ళు తెచ్చే పని నా చెల్లె బాలమణి మీద పడింది. దానికి అప్పటికి లంగా ముడి కూడా సరిగ్గా రాదు. బావిలో దిగి, దాహమైతే అక్కడే దోసిలి పట్టి తాగేసి, చిన్న బిందె నెత్తిన పెట్టుకుని వచ్చేది.

ఆ రోజుల్లోనే సర్కారీ దవాఖాన డాక్టర్ సాబ్ మా బడికి వచ్చాడు. హైదరాబాదు మనిషి, ఉర్దూలో మాట్లాడి మధ్యమధ్య మా కోసం తెలుగులోకి దిగేవాడు. నారికురుపు నీళ్ళ నుంచే వస్తుందన్నాడు. కంటికి కనిపించని పురుగు నీళ్ళతో కడుపులోకి పోతుందనీ, ఏడాది పాటు ఒంట్లోనే పెరిగి కాలిలోంచి బయటికి వస్తుందనీ, బట్ట మడతపెట్టి నీళ్ళు వడగడితే చాలనీ చెప్పాడు. నేను బడి వదలగానే ఇంటికి ఉరికాను.

"అవ్వా, గా బాయి నీళ్ళు తాగితెనే నీకు గిట్లయిందట. బట్టతోని వడగట్టాలట."

"ఎవడు జెప్పిండు?"

"డాక్టర్ సాబ్."

"ఆయన సిద్దిపేటకు మొన్న వచ్చిండు. నేను కాపురానికి వచ్చినకాంచి గా నీళ్ళే తాగుతున్న. నిన్న నీళ్ళు తాగితె ఇయ్యాల కాలు పలిగిందా? ఒంట్ల వేడి జేసింది, గంతే."

"నిన్న తాగింది కాదవ్వా. పోయిన ఏడు తాగింది."

అవ్వ నా మొహం వంక చూసింది. "పోయిన ఏడు తాగిన నీళ్ళు ఇయ్యాల కాల్లకెల్లి వస్తయా? గదే సదివిస్తున్నరా మీకు? పో, బిడ్డా. జర చెల్లెకు బిందె దించు పో."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. బాలమణి బిందె దించుతూ, మూతి తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆ పూట అది తాగిన నీళ్ళలో ఏముందో, వచ్చే ఎండాకాలానికి గానీ తెలియదు. దాని కాలికి పుల్ల చుట్టే రోజు రాకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

ఏడాదిని ఎట్లా గీయాలి?

డాక్టర్ సాబ్ బడిలో ఇంకో మాట కూడా చెప్పాడు. హైదరాబాదులో ఆరోగ్య శాఖవాళ్ళు ఈ రోగం మీద కదిలే బొమ్మల ప్రకటన ఒకటి తీయించబోతున్నారనీ, పిల్లలు ఎవరైనా మంచి ఆలోచన చేసి చూపిస్తే తానే సిఫారసు చేసి పంపిస్తాననీ అన్నాడు. తయారైన ప్రకటన డేరా సినిమాలో వేస్తారట. డేరా సినిమా అనగానే నా ప్రాణం లేచొచ్చింది. మా అవ్వ డాక్టరును నమ్మదు, నన్ను నమ్మదు. తెర మీద కనిపించింది మాత్రం ఏదైనా నమ్ముతుంది. దేవుడి వేషం కట్టినవాడు తెర మీదికి రాగానే కూర్చున్నచోటే దండం పెట్టే మనిషి.

ఖాదర్‌ను కలుపుకున్నాను. వాళ్ళ నాయిన దర్జీ. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ, మా ఇద్దరికీ బడిలో ఒకటే బెంచీ. వాడు బొమ్మ గీస్తే మనిషి లేచి నడుస్తాడేమో అన్నట్టుండేది.

మొదట్లో మేము చేసిందంతా గందరగోళమే. ఖాదర్ పురుగుకు మీసాలు పెట్టి రాక్షసుణ్ణి చేస్తానన్నాడు. నేను డాక్టరును గీసి వేలు చూపిస్తూ మాట్లాడించాలన్నాను. ఇద్దరం డ్రాయింగ్ మాస్టరు దగ్గరికి పోయాం. ఆయన రెండూ విని, "మీ పురుగు మాట్లాడితె జనం పురుగును చూస్తరు, మీ డాక్టర్ మాట్లాడితె ఎవ్వరు చూడరు. నీళ్ళు తాగిన మనిషిని గీయండ్రి" అన్నాడు. నా ఉద్యోగం మొత్తంలో ఇంతకంటే పనికొచ్చే మాట ఏ ఆఫీసరూ చెప్పలేదు.

బొమ్మలు కదిలించే చిట్కా కూడా ఆయనే నేర్పాడు. గుండ్రటి అట్ట డబ్బా చేసి, పైభాగంలో చుట్టూ సన్నగా నిలువు సందులు కోయాలి. కాగితం పట్టీ మీద వరసగా బొమ్మలు గీసి, డబ్బా లోపల చుట్టూ అంటించాలి. డబ్బాను తిప్పుతూ సందుల్లోంచి అవతలి గోడను చూస్తే, బొమ్మలు ఒకటైపోయి కదులుతాయి. మొదటిసారి చూసినప్పుడు ఖాదర్ "యా అల్లా!" అని డబ్బా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాడు.

ఇక అసలు తంటా ఏడాది. నీళ్ళు తాగడం గీయగలం, పురుగు రావడం గీయగలం, రెంటి మధ్య ఏడాదిని ఎట్లా గీయాలి? అవ్వ నమ్మనిది అదే గదా! క్యాలెండరు గీద్దామంటే మా వాడలో అది చదివేదెవరు? చివరికి ఖాదరే అన్నాడు: "మీ అవ్వను ఏడాది ఎట్ల లెక్కవెడ్తదో అడుగుపో."

అడిగాను. "ఏముంది? మోదుగుపూలు పూస్తయి, వానలు వడ్తయి, బతుకమ్మ ఆడుతం, చలిమంట కాగుతం. మల్ల మోదుగుపూలు" అంది, పుల్ల వంకే చూస్తూ. అట్లా మాకు ఏడాది దొరికింది. ఒక ఆడమనిషి మోదుగుపూల కాలంలో బావిలో దిగి నీళ్ళు తాగుతుంది, వానలో నాటు వేస్తుంది, బతుకమ్మ ఆడుతుంది, చలిమంట దగ్గర కూర్చుంటుంది. అంతసేపూ ఆమె ఒంట్లో ఒక ఎర్రటి చుక్క కొంచెంకొంచెంగా పెరిగి దారమవుతుంది. మళ్ళీ మోదుగులు పూసేసరికి పాదం పగిలి అది బయటికి వస్తుంది. ఎరుపు కోసం ఖాదర్ తన నాయిన బట్ట మీద గీతలు గీసే ఎర్ర సుద్దముక్క కొట్టేశాడు.

ఆ సగం నేను గీయాలి. రెండో సగం ఖాదర్ వంతు: బావి దగ్గర బిందె మూతికి బట్ట కట్టడం, నీళ్ళు వడగట్టడం, చిన్నపిల్ల తాగి నవ్వడం. ఎవరిళ్ళలో వాళ్ళం గీసుకున్నాం. నా సగాన్ని నేను మా పిండి విసిరే ఇసుర్రాయి మీద చిన్న డబ్బా పెట్టి తిప్పి చూసుకున్నాను, బ్రహ్మాండంగా కదిలింది. వాడూ వాళ్ళింట్లో ఇసుర్రాయి మీద తిప్పి చూసుకున్నాడు, బ్రహ్మాండమన్నాడు. డాక్టర్ సాబ్ వస్తానన్న రోజు పొద్దున రెండు సగాలూ కలిపి పెద్ద డబ్బాలో అంటించాం. ఇక ఏం భయం?

ఇటు తిప్పితే అటు

పెద్ద డబ్బాకు ఇసుర్రాయి చాలలేదు. గరగరమని ఊగుతుంది, బొమ్మలు వణుకుతాయి. అందుకని కుమ్మరి మల్లయ్య మామను బతిమాలి ఆయన సారె అడిగాం. సారెను కదిలించలేం కాబట్టి డాక్టర్ సాబే ఆయన వాకిట్లోకి రావలసి వచ్చింది. వాడలో ఆడవాళ్ళంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు. నిజం రోగిని చూపిస్తే డాక్టరు మెత్తబడతాడని ఖాదర్ అనడంతో, నేను అవ్వను భుజం మీద చెయ్యి వేయించుకుని తీసుకొచ్చి సారె పక్కనే కూర్చోబెట్టాను. "నన్నేమన్న తోలుబొమ్మలాటల నిలవెడ్తవా?" అని తిడుతూనే వచ్చింది.

మల్లయ్య మామ తడి మట్టితో డబ్బాను సారెకు అతికించి, కర్ర పెట్టి గిర్రున తిప్పాడు. డాక్టర్ సాబ్ ఎత్తుపీట మీద కూర్చుని, నడుం వంచి సందుల్లోకి చూశాడు. నేను గొంతు సవరించుకుని నేర్చుకున్న మాటలు మొదలుపెట్టాను: "ముందుగా ఒక ఆడమనిషి బావిలో దిగి నీళ్ళు తాగుతుంది…"

"ఎక్కడ?" అన్నాడు డాక్టర్ సాబ్. "ఇదేంది భాయ్? పురుగు కాల్లకెల్లి వస్తున్నదా, కాల్లకు పోతున్నదా?"

నేను వంగి చూశాను. పాదంలోంచి వేలాడుతున్న పురుగు సరసరా లోపలికి పోతోంది. పగిలిన పాదం అతుక్కుంటోంది. చలిమంట ముందొచ్చి, తరవాత బతుకమ్మ, ఆ తరవాత వాన. ఎర్రదారం కుంచించుకుపోయి చుక్కయింది. చివరికి ఆ ఆడమనిషి దోసిట్లోకి నీళ్ళు ఉమ్మి బావిలో పోసేసింది! అక్కడి నుంచి ఖాదర్ సగం మాత్రం లక్షణంగా నడిచింది. బట్ట కట్టారు, నీళ్ళు వడగట్టారు, పిల్ల తాగి నవ్వింది. మళ్ళీ పురుగు లోపలికి పోవడం మొదలైంది.

"మల్లయ్య మామా, ఎన్కకు తిప్పు, ఎన్కకు!" అన్నాను.

"సారె ఎన్కకు తిప్పం బిడ్డా. మా తాత తిప్పింది గిట్లనే, మా నాయిన తిప్పింది గిట్లనే" అన్నాడు మామ, నేనేదో అడగరానిది అడిగినట్టు.

డబ్బాను పీకి చేతుల మీద పెట్టుకుని నేనూ ఖాదరూ రెండో దిక్కుకు తిప్పాం. ఇప్పుడు నా సగం చక్కగా నడిచింది. ఖాదర్ సగం తలకిందులైంది. నవ్వుతున్న పిల్ల నీళ్ళు కక్కింది, ఆ నీళ్ళు బట్టలోంచి పైకి లేచి చెడిపోయి బావిలో పడ్డాయి. ఇటు తిప్పితే బట్ట సరి, బావి తప్పు. అటు తిప్పితే బావి సరి, బట్ట తప్పు. రాత్రి దాకా బాగున్న బొమ్మలు తెల్లారేసరికి ఎట్లా ఎదురు తిరిగాయో మాకు బొత్తిగా అంతుపట్టలేదు. ఏదో దయ్యం పని అని కూడా నేను అనుకున్నాను, చెప్పడానికి సిగ్గెందుకు?

డాక్టర్ సాబ్ రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. పాపం, కోప్పడలేదు. "అంతా ఉల్టా ఉన్నది. మొదలు కారణం, తర్వాత రోగం. పుస్తకంల గట్లనే ఉంటది. గిది నేను హైదరాబాదు పంపిస్తే నన్ను నవ్వుతరు" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్తున్న దారి వంక చూస్తూ నేను ఏడ్చేశాను. డేరా సినిమా పోయింది, అవ్వను నమ్మించే దారీ పోయింది.

అప్పుడు వెనక నుంచి అవ్వ గొంతు వినిపించింది. "మల్లన్నా, మొదలు తిప్పినవ్ సూడు, గట్ల ఇంకొక్కసారి తిప్పు."

మామ డబ్బాను మళ్ళీ అతికించి తన అలవాటు ప్రకారం తిప్పాడు. నేల మీద కూర్చున్న అవ్వకు సందులు సరిగ్గా కంటికి ఎదురుగా ఉన్నాయి. పురుగు లోపలికి పోవడం చూసింది. తన పాదం వంక చూసుకుంది. మళ్ళీ సందుల్లోకి చూస్తూ తనలో తాను అనుకుంటున్నట్టు అంది: "చలిమంట. గిది బతుకమ్మ. ఓ యమ్మో, బతుకమ్మకు నేను ఆడిన గదా! గప్పటికే గిది నా కాల్ల ఉండెనా? గా వాన, నాటు, గప్పుడు గూడ ఉండెనా? గిది పోయిన ఎండకాలం బాయి…"

ఆమె మొహం పాలిపోయింది. అంత బెదిరిన మొహం నేనెప్పుడూ చూడలేదు. పక్కనే బాలమణి చెంబెత్తి నీళ్ళు తాగబోతోంది. అవ్వ కాలు సంగతి మరిచిపోయి మీదికి వంగి, ఆ చెంబు లాగి పారబోసింది. "తాగకు! ఆగు బిడ్డా, ఆగు!" అంటూ కట్టుకున్న చీర కొంగు పర్రున చింపింది. మడతపెట్టి ఖాళీ చెంబు మూతికి కట్టింది, ఖాదర్ బొమ్మలో కట్టినట్టే. చెల్లె బిక్కమొహం వేసుకుని చూస్తోంది. నేనూ అట్లాగే చూస్తున్నాను.

ఎవరి కోసం ఎవరు

సాయంత్రం డ్రాయింగ్ మాస్టరు వచ్చి పట్టీ ఊడదీసి నేల మీద పరిచాడు. ఒక్కసారి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒక సగం కుడి నుంచి ఎడమకు నడుస్తోంది, ఇంకో సగం ఎడమ నుంచి కుడికి. ఇళ్ళలో ఇసుర్రాయిని ఎవరి బొమ్మలకు తగ్గట్టు వాళ్ళం తిప్పుకున్నాం కాబట్టి అప్పుడు తేడా తెలియలేదు.

మా బడిలో చదువంతా ఉర్దూలో. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు, పుస్తకం కూడా మనకు వెనక అట్ట అనిపించే దిక్కు నుంచి తెరుస్తారు. తెలుగు ఎడమ నుంచి. కాబట్టి ఖాదర్ తన అలవాటున కుడి నుంచి గీశాడనుకున్నాను. కాదు. కుడి నుంచి గీసింది నేను!

"నువ్వేందిరా కుడి నుంచి మొదలువెట్టినవ్?" అని ఖాదర్ నా మీదికి లేచాడు.

"డాక్టర్ సాబ్ ఉర్దూ సదివెటోడు గదరా. ఆయనకు సులువుగ ఉండాలె అనుకున్న. నువ్వెందుకు ఎడమ నుంచి గీసినవ్?"

"మీ అవ్వ, వాడోళ్ళు తెలుగోళ్ళు గదరా. వాళ్ళకు తెలియాలె అని గీసిన!"

మాస్టరు మరింత నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేను వాళ్ళ కోసం, వాడు మా కోసం. తీరా చూస్తే మా అవ్వకు ఉర్దూ అక్షరమూ రాదు, తెలుగు అక్షరమూ రాదు. ఆమెకు ఏ వైపు నుంచైనా ఒకటే.

మర్నాడు నా సగాన్ని ముక్కలుగా కోసి, వరస మార్చి అంటించాం. ఇప్పుడు సారె తిప్పితే అంతా పుస్తకంలో ఉన్నట్టే నడిచింది: ముందు బావి, తరవాత ఏడాది, తరవాత పురుగు, చివర బట్ట. నిజంగా చూడముచ్చటగా ఉంది. వాడ ఆడవాళ్ళను మళ్ళీ పిలిచాం. చూశారు. "మంచిగున్నది బిడ్డా" అన్నారు. లేచి కొంగులు దులుపుకున్నారు. ఒక్కరు కూడా ఇంటికి పోయి బట్ట కట్టలేదు.

అవ్వ కూడా చూసి మొహం చిట్లించింది. "గిదేంది? గిప్పుడేం తెలుస్తలేదు. నిన్నటిదే మంచిగుండె. ఆమె ఉత్తగనే నీళ్ళు తాగుతున్నది, గంతేనాయె. గది సూస్తె నాకేమైతది?"

మళ్ళీ కోసి మళ్ళీ ఉల్టా అంటించాం. అప్పుడు కొందరు ఆడవాళ్ళు ముందుకు జరిగారు. నారికురుపు వచ్చి పోయినవాళ్ళు తమ కాళ్ళ మీద మచ్చలు తడుముకుంటూ చూశారు. వాడలో కొన్ని బిందెలకు పాత చీర ముక్కలు వెలిశాయి.

హైదరాబాదులో

డాక్టర్ సాబ్ పంపిన వేరే ఆలోచనతో హైదరాబాదువాళ్ళు ప్రకటన తీశారు. మా ఊరి డేరాలో నేను చూశాను. కోటు వేసుకున్న డాక్టరు బొమ్మ ఒకటి వేలు ఆడిస్తూ మాట్లాడింది. ఆ సమయానికి డేరాలో మగవాళ్ళంతా బీడీకి బయటికి వెళ్ళారు.

తరవాత అదే పనిలో నేనూ చేరాను. అక్కడ నా మొదటి ఆఫీసరు క్రమశిక్షణ గల మనిషి. మలేరియా మీద బొమ్మ చేయమంటే నేను వణుకుతున్న రోగితో మొదలుపెట్టి వెనక్కి నడిపి, ఇంటి వెనక నిలిచిన నీళ్ళ దగ్గర ఆపాను. ఆయన చూసి, "దోమ కుట్టకముందే జ్వరం ఎట్లా వచ్చిందయ్యా?" అని రీలు కత్తిరించి ముందుది ముందు, వెనకది వెనక అతికించాడు. ఆ తరవాత అంతా వరస ప్రకారమే గీశాను, జీతం కూడా వరస ప్రకారమే వచ్చింది. ఆయన్ని తప్పుపట్టలేను. వెనక్కి నడిపిన బొమ్మ ఇంకో ఊళ్ళో పనిచేస్తుందని నా దగ్గరా రుజువు లేదు.

నా తికమక ఇదే. అవ్వకు అర్థమైంది బొమ్మ ఉల్టా తిరిగినందుకా, కాలు సలుపుతున్నందుకా? నొప్పి ఉన్న మనిషి నొప్పి దగ్గరే నిలబడి వెనక్కి చూస్తుంది, కాబట్టి ప్రకటన నొప్పి దగ్గరే మొదలుకావాలని ఒక రోజు అనిపిస్తుంది. మరి నొప్పి లేనివాళ్ళకు ఎక్కడ మొదలుపెట్టాలి? బాలమణికి ఏ నొప్పీ లేదు, దానికి ఆ బొమ్మ ఒట్టి తమాషా. కొంగు చింపింది అవ్వ గానీ అది కాదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ బొమ్మను ఆఫీసరుకు చూపించే ముందు, ఆ రోగం వచ్చిన మనిషి పక్కన నేల మీద కూర్చుని ఒకసారి చూడండి. అంతకుమించి నాకు తెలియదు.

వచ్చిన ఎండాకాలం

మరుసటి ఏడు మోదుగులు పూశాయి. నాకు ఒకటే గాభరా. రోజూ బాలమణిని కూర్చోబెట్టి రెండు కాళ్ళూ వెతికేవాణ్ణి. అది కితకితలని నవ్వేది. దాని కాళ్ళకు ఏమీ కాలేదు.

అవ్వకు వచ్చింది. ఈసారి కుడి పాదం. బొబ్బ లేచి, పగిలి, తెల్లగా తల కనిపించింది.

వాడంతా గుప్పుమంది. "ఏడాది సంది బట్ట గట్టె, ఏమాయె? మల్ల వచ్చె" అన్నారు. కొందరు చీర ముక్కలు విప్పి పెంటకుప్ప మీద పారేశారు. డాక్టరు చెప్పింది అబద్ధమా, మా బొమ్మ అబద్ధమా, ఏం అర్థం కాక గొడ్ల కొట్టంలో దాక్కున్నాను. ఖాదర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

బయట అవ్వ గొంతు వినిపించింది. పొరుగు ఆడవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. అవ్వ గడపలో కాలు చాపుకుని, నేల మీద దుమ్ములో వేలితో సున్నా గీస్తోంది, మల్లయ్య మామ సారె తిరిగిన దిక్కుకే.

"గిది ఇయ్యాల. గిది చలిమంట. గిది బతుకమ్మ, గిది వాన" అంటూ వేలు తిప్పి ఒక దగ్గర ఆపింది. "గిది పోయిన ఎండకాలం. మల్లన్న సారె తిప్పిన నాడు కొంగు చింపి కట్టిన. గా ముంగట తాగిన నీళ్ళు లెవ్వా? గిది గా నీళ్ళది. బట్టను ఎందుకు తిడ్తరే? వచ్చే ఎండకాలం చూడున్రి."

ఎవరో ముసలమ్మ, "వచ్చే ఎండకాలం గూడ వస్తె?" అంది.

"వస్తె గప్పుడు తిట్టున్రి. గప్పటిదాన్క ఇప్పకున్రి."

చీపురు పుల్ల తెమ్మని నాకు కేకేసింది. నేను తెచ్చిచ్చాను. ఆమె పురుగు తలను పుల్లకు చుట్టడం మొదలుపెట్టింది. నేను పట్టీ మీద గీసిన ఏడాదిని మా అవ్వ దుమ్ములో నాకంటే నిబ్బరంగా గీసింది. పారేసిన చీర ముక్కల్లో కొన్ని పెంటకుప్ప మీది నుంచి మళ్ళీ ఉతుకుబండ దగ్గరికి చేరాయి.

ఇంకో ఏడు గడిచింది. మోదుగులు పూశాయి, రాలాయి, బావి అడుగంటింది. పొద్దెక్కాక ఒక రోజు అవ్వ వాకిట్లో గోనె పరుచుకుని, రెండు కాళ్ళూ ఎండలోకి చాపి కూర్చుంది. పక్కన బాలమణిని కూడా కూర్చోబెట్టి దాని కాళ్ళూ చాపించింది. "రాన్రి, చూసి పోన్రి" అని వాడ ఆడవాళ్ళను పిలిచింది. ఒక్కొక్కరే బిందెలు చంకన పెట్టుకుని వచ్చారు. వంగి చూశారు. కొందరు వేలితో నొక్కి కూడా చూశారు. మచ్చలు తప్ప ఏమీ లేదు.

నేనూ ఖాదరూ గోడ పక్కన నిలబడి చూస్తూ ఉన్నాం. ఆ తరవాత జీవితమంతా ఎన్నో బొమ్మలు గీశాను గానీ, మా అవ్వ కాళ్ళను చూసినంత సేపు నా ప్రకటన దేన్నీ జనం నిలబడి చూడలేదు.